వాడిన ఆహార సీసాలు: నిలవ పచ్చళ్లకు పునర్వినియోగం (పశ్చిమ ప్రకాశం)

హార్లిక్స్, జామ్, కాఫీ పొడి, తేనె, సాస్, కొన్న ఊరగాయ వంటి సరుకులతో అంగడి నుంచి ఇంటికొచ్చి, సరుకు అయిపోయాక కూడా ఇంట్లోనే ఉండిపోయే గాజు, ప్లాస్టిక్, రేకు పాత్రలను వాడిన ఆహార సీసాలు అంటారు. వాటిని కడిగి ఆరబెట్టి, నిలవ పచ్చళ్లు, పొడులు, నెయ్యి, తేనె, పప్పులు పోసుకోవడం తెలుగునాట ఇంటింటా ఉన్న అలవాటు. ఈ వ్యాసం ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమ భాగంలోని మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల వాడుకను ఆధారం చేసుకుని, ఏ సీసా ఏ పనికి వస్తుంది, ఏ పనికి రాదు అన్నది కారణాలతో వివరిస్తుంది.

పాశ్చాత్య దేశాల్లో పండ్లు, కూరగాయలను సీసాల్లో నింపి, నీళ్లలో మరిగించి, గాలి చొరకుండా మూసి నిలవచేసే గృహ పద్ధతి ఒకటి ఉంది. అక్కడ తిండిని కాపాడేది సీసా మూత. ఇక్కడి ఊరగాయను కాపాడేవి ఉప్పు, పులుపు, నూనె, ఎండ. పాత సీసాను మళ్లీ వాడటంలోని భద్రత అంతా ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

ప్రాంతం, తిండి నేపథ్యం

మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. అందుకే ఇక్కడి తిండిలో కోస్తా, రాయలసీమ పోకడలు రెండూ కలుస్తాయి. పడమట నల్లమల అడవి, మధ్యలో గుండ్లకమ్మ నది, దాని మీద విజయనగర కాలం నాటి కంభం చెరువు ఉన్నా, మొత్తం మీద ఇది వాన తక్కువ పడే మెట్ట ప్రాంతం. మార్కాపురానికి పేరు తెచ్చింది పలకల పరిశ్రమ. పొలాల్లో మిరప, పత్తి, కంది, పొగాకు పండుతాయి. అడవి నుంచి ఉసిరి, చింతపండు, తేనె వస్తాయి.

కూరగాయలు ఏడాది పొడుగునా చవగ్గా దొరకని చోట నిలవ పచ్చడి రోజువారీ కూరతో సమానం. మామిడికాయ పచ్చళ్లు వేసవిలో, ఉసిరికాయ, చింతకాయ తొక్కు కార్తీకం నుంచి సంక్రాంతి దాకా, పండుమిరప తొక్కు మిరప కోతల రోజుల్లో పడతాయి. గోంగూరకు, నిమ్మకాయకు ప్రత్యేకించి కాలమంటూ లేదు. ఒక్కో పచ్చడి ఒక్కో సమయంలో, తక్కువ మోతాదుల్లో తయారవుతుంది కాబట్టి ఇంట్లో చిన్న పాత్రలు చాలా కావాలి. పై చదువులకు, పనులకు హైదరాబాదు, గుంటూరు, బెంగళూరు వెళ్లిన పిల్లలకు పంపడానికి జాడీ పనికిరాదు, సీసా కావాలి. వాడిన సీసాల అవసరం పెరిగింది అక్కడే.

చరిత్ర

*జాడీ, రేకు డబ్బా, సీసా.* పచ్చడికి మొదటి నుంచీ ఉన్న పాత్ర జాడీ. లోపలా బయటా మెరుగు పూసిన ఈ పింగాణీ పాత్ర ఉప్పుకూ పులుపుకూ లొంగదు. వెలుతురు రానివ్వదు, తొందరగా వేడెక్కదు. మూత పెట్టి, దాని మీద ఉతికిన గుడ్డతో వాసెన కడతారు. వాసెన గాలిని పూర్తిగా ఆపదు, దుమ్మునూ పురుగునూ ఆపుతుంది. ఊరగాయకు కావలసింది అంతే.

అంగడి నుంచి వచ్చి ఇళ్లలో స్థిరపడిన పాత్రల్లో తొలితరానిది డాల్డా డబ్బా. 1937లో మార్కెట్‌లోకి వచ్చిన ఈ వనస్పతి ఖాళీ డబ్బాలు బియ్యానికి, పప్పులకు, పెరట్లో తులసి మొక్కకు కూడా ఆధారమయ్యాయి. పచ్చడికి మాత్రం రేకు పనికిరాదని పెద్దలకు అనుభవంలోనే తెలుసు. ఆ తర్వాతది హార్లిక్స్ సీసా. జేమ్స్, విలియం హార్లిక్ సోదరులు 1873లో అమెరికాలో మొదలుపెట్టిన ఈ పానీయం బ్రిటిష్ ఇండియా సైన్యం ద్వారా మన దేశానికి చేరింది. 1960లో పంజాబ్‌లోని నభాలోనూ, తర్వాత రాజమహేంద్రవరం దగ్గరా కర్మాగారాలు వచ్చాయి. వెడల్పు మూతి, మందమైన గాజు, మరల మూత ఉండటంతో హార్లిక్స్ సీసా తెలుగు వంటింట్లో ఒక కొలతగా కూడా నిలిచిపోయింది. ‘హార్లిక్స్ సీసాడు పచ్చడి’ అంటే ఎంతో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. తర్వాత ప్లాస్టిక్ డబ్బాలు, పొట్లాలు వచ్చి గాజు సీసాలు తగ్గాయి. ఇళ్లలో మిగిలిన పాతవాటికి దాంతో విలువ పెరిగింది. పాత సామాన్ల బండికి ఉల్లిగడ్డల కోసం ఇచ్చే ఖాళీ సీసాల్లోంచి మంచివి ఏరి పక్కన పెట్టుకోవడం ఇంటి ఆడవాళ్ల పనుల్లో ఒకటి.

*మూసి మరిగించే పద్ధతి.* ఫ్రాన్స్‌కు చెందిన నికొలా అప్పెర్ ఆహారాన్ని గాజు సీసాల్లో బిగించి మరిగిస్తే చెడదని చూపి, 1810లో ఆ దేశ ప్రభుత్వం నుంచి 12,000 ఫ్రాంకుల బహుమతి పొందాడు. అలా ఎందుకు చెడదో అప్పటికి ఎవరికీ తెలియదు. సూక్ష్మజీవుల పాత్రను లూయీ పాశ్చర్ నిరూపించింది 1860ల్లో. ఈలోగా 1858 నవంబరు 30న అమెరికాలో జాన్ లాండిస్ మేసన్ మరల మూతి సీసాకు పేటెంటు తీసుకున్నాడు. పల్చటి రేకు బిళ్ల, దాన్ని పట్టి ఉంచే మరల కట్టు అని రెండు ముక్కలుగా ఉండే మూత 20వ శతాబ్దం మొదట్లో వచ్చింది. ఆ దేశంలో ఇళ్లలో నిలవచేసే పద్ధతులకు ఈనాటికీ ఆధారం అక్కడి వ్యవసాయ శాఖ మార్గదర్శకాలే. మన వైపు ఈ పద్ధతి ఇళ్లలో పాతుకోలేదు. పండ్లు, కూరగాయల నిలవలో శిక్షణ ప్రభుత్వ గృహవిజ్ఞాన విభాగాలు, కృషి విజ్ఞాన కేంద్రాల ద్వారా అందుతూ వచ్చింది. ప్రకాశం జిల్లాలో అలాంటి కేంద్రం దర్శిలో ఉంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు ఇళ్లలో మాత్రం మేసన్ సీసాలో ఆవకాయ కనిపిస్తుంది. అక్కడ కూడా దాన్ని మరిగించి మూయరు, జాడీలో పెట్టినట్టే పెడతారు.

నిలవ ఉండటంలోని సూత్రం

ఆహారాన్ని చెడగొట్టే బూజు, ఈస్టు, బాక్టీరియాలకు నీరు కావాలి. ఉప్పు ఆ నీటిని వాటికి అందకుండా పట్టి ఉంచుతుంది. కిలో మామిడి ముక్కలకు 200 గ్రాముల ఉప్పు వేశారనుకుందాం. కారం, ఆవపిండి, నూనెతో కలిపి మొత్తం పచ్చడి బరువు 1,800 గ్రాములైతే అందులో ఉప్పు 11 శాతమే అనిపిస్తుంది. కానీ ఉప్పు నూనెలో కరగదు, ముక్కల నీటిలోనే కరుగుతుంది. ముక్కల్లో నీరు 800 గ్రాములుంటే, ఆ నీటి భాగంలో ఉప్పు 20 శాతం అవుతుంది. నీరు కరిగించుకోగలిగిన ఉప్పు గరిష్ఠంగా 26 శాతం. అంటే సరిగ్గా పెట్టిన ఆవకాయ ఆ హద్దుకు బాగా దగ్గరగా ఉంటుంది. రక్తపోటు భయంతో కొలత సగానికి తగ్గించిన పచ్చడి వారంలోనే బూజు పట్టడానికి కారణం ఇదే. ఉప్పు తగ్గించదలచుకుంటే తక్కువ పచ్చడి పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోవడం మేలు, పాత కొలతలు మార్చి ఏడాది దాచడం కాదు.

రెండోది పులుపు. పుల్లదనాన్ని పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పచ్చి మామిడి, చింతపండు, నిమ్మ 3 దగ్గర్లోనో అంతకంటే కిందో ఉంటాయి, గోంగూర కూడా బాగా పుల్లటిదే. టమాటా హద్దు మీద ఉంటుంది, రకాన్నీ పండిన తీరునూ బట్టి 4.2 నుంచి 4.9 దాకా మారుతుంది. టమాటా పచ్చడిలో చింతపండు వేయడం రుచికే అనుకుంటాం గాని, అది హద్దు మీదున్న పచ్చడిని భద్రమైన వైపుకు నెడుతుంది కూడా.

మూడోది నూనె. ఇక్కడ వేరుశనగ నూనె, నువ్వుల నూనె రెండూ వాడతారు. ముక్క మునిగేలా నూనె నిలిస్తే గాలి తగలదు, గాలి లేక బూజు పట్టదు. అయితే నూనె ఒక్కటే కాపాడదు, ఒక్కోసారి హాని చేస్తుంది.

*బొటులిజం.* క్లోస్ట్రిడియం బొటులినమ్ అనే బాక్టీరియా మట్టిలో ఉంటుంది. దాని బీజాలు మరిగే నీటి వేడికి చావవు, 121 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి కావాలి. గాలి లేని, పులుపు లేని, తడి ఉన్న చోట అవి మొలకెత్తి, నరాలను స్తంభింపజేసే విషాన్ని తయారుచేస్తాయి. రంగు, వాసన మారకుండానే ఆ విషం ఉండవచ్చు. పీహెచ్ 4.6 కంటే తక్కువైనా, నీటి భాగంలో ఉప్పు 10 శాతం దాటినా ఆ బాక్టీరియా పెరగదు. మామిడి, నిమ్మ, చింతకాయ, ఉసిరి పచ్చళ్లు సరైన ఉప్పుతో పెడితే ఈ రెండు హద్దులకూ లోపలే భద్రంగా ఉంటాయి. ఉప్పూ పులుపూ లేకుండా వెల్లుల్లి రెబ్బలను నూనెలో ముంచి బయట దాస్తే మాత్రం రెండు రక్షణలూ పోతాయి, పైగా నూనె గాలిని ఆపి బాక్టీరియాకే సాయపడుతుంది. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఇలాంటి నూనె వెల్లుల్లి వల్లే చాలామంది బొటులిజం పాలయ్యారు. ఆవకాయలో వేసిన వెల్లుల్లికి ఈ భయం లేదు, ఊరేకొద్దీ అది చుట్టూ ఉన్న ఉప్పునూ పులుపునూ పీల్చుకుంటుంది.

సీసాల రకాలు

*గాజు.* పచ్చడికి అన్నింటికంటే మంచిది. వాసన పట్టదు, నూనె ఇంకదు, మరిగే నీటిలో కడగవచ్చు. అంగడి సీసాలన్నీ సాధారణ సోడా సున్నపు గాజువే. ప్రయోగశాల గాజులా హఠాత్తుగా మారే వేడిని ఇవి తట్టుకోలేవు. కర్మాగారంలో ఒక్కసారి నింపి అమ్మడానికి చేసినవి కావడంతో చాలావాటి గోడలు కూడా పల్చన. చల్లటి సీసాలో మరిగే నీళ్లు పోసినా, పొయ్యి మీది నుంచి దించిన తాలింపు నూనె పోసినా అడుగు ఊడి రావచ్చు. తాలింపు నూనె 180 డిగ్రీల దగ్గర ఉంటుంది, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే అది పచ్చడిలో కలవాలి.

పాత సీసా ఎంచేటప్పుడు చూడాల్సింది మూతి అంచు. కంటికి కనిపించని పెచ్చును దూది పట్టిస్తుంది. పొడి దూది ఉండను అంచు చుట్టూ మెల్లగా తిప్పితే, గాజు లేచిన చోట పోగు పట్టుకుని ఆగుతుంది. అలాంటి సీసా పచ్చడికి పనికిరాదు, గాజు పెచ్చు ముక్కతో పాటు అన్నంలోకి వస్తుంది. తర్వాత సీసాను వెలుతురుకు ఎత్తి, అడుగునూ మెడనూ చూడాలి. సన్నటి వెంట్రుక లాంటి గీత కనిపిస్తే అది పగులు.

*ప్లాస్టిక్.* అడుగున త్రికోణంలో ఉండే అంకె ఏ రకమో చెబుతుంది. 1 అంకె ఉన్న పెట్ డబ్బా 70 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. వేడి నీళ్లతో కడిగితే ముడుచుకుపోవడం అందుకే. కారం, పసుపు, నూనె దాని గోడకు అంటుకుని ఎంత తోమినా పూర్తిగా పోవు. పీచుతో తోమితే పడే గీతల్లో తడి, క్రిములు నిలుస్తాయి. 5 అంకె ఉన్న పాలీప్రొపిలీన్ వేడిని తట్టుకుంటుంది గాని వాసన పట్టి ఉంచుతుంది. వాడిన ప్లాస్టిక్ డబ్బా కందిపొడి, పప్పులు, ఎండుమిర్చి వంటి పొడి సరుకులకు చాలు. నూనె, ఉప్పు, పులుపు మూడూ ఉండే పచ్చడిని నెలల తరబడి అందులో ఉంచకపోవడమే మంచిది.

*రేకు.* పాల పొడి డబ్బా, వనస్పతి డబ్బా లోపల పల్చటి పూత ఉంటుంది. గరిటె తగిలి పూత లేచిన చోట ఉప్పు, పులుపు ఇనుమును తినేస్తాయి. పచ్చడికి ఇవి వద్దు.

మూతలు

పాత సీసా పునర్వినియోగంలో ఎక్కువ చిక్కులు మూత దగ్గరే వస్తాయి. జామ్, సాస్, కొన్న పచ్చడి సీసాల రేకు మూతను పావు చుట్టు తిప్పితే బిగుస్తుంది. తిరగేసి చూస్తే లోపల అంచు వెంబడి మెత్తటి రబ్బరు లాంటి వలయం ఉంటుంది. కర్మాగారంలో వేడి ఆవిరికి ఆ వలయం మెత్తబడి, సీసా అంచు ముద్ర దాని మీద పడుతుంది. చల్లారాక ఆ ముద్రలో సీసా మూతి అతుక్కుని గాలి చొరకుండా ఆపుతుంది. మొదటిసారి తీసినప్పుడు ‘టక్’మనేది లోపలి శూన్యం విడిపోయిన చప్పుడు. మళ్లీ మూసినప్పుడు అంచు సరిగ్గా అదే ముద్రలో కూర్చోదు. ఒకసారి తీసిన మూత దుమ్ము రాకుండా ఆపుతుంది గాని, కర్మాగారపు బిగింపు మళ్లీ రాదు. ఊరగాయకు ఆ బిగింపు అవసరం లేదు కనుక ఇబ్బంది లేదు. మరిగించి మూసే పద్ధతికి మాత్రం ఆ మూత చెల్లినట్టే.

ఊరగాయలో రేకు మూతకు తుప్పు సమస్య ఉంది. ఉప్పు, పులుపు ఆవిరి లోపలి పూతను చీల్చి, అంచు దగ్గర గోధుమ రంగు చుక్కలు తెస్తాయి. తుప్పు రాలి పచ్చడిలో పడితే రుచీ రంగూ చెడతాయి. అటువంటి మూతను గీకి మళ్లీ వాడకుండా, అదే కొలతకు సరిపోయే కొత్త ప్లాస్టిక్ మూత వేయడమో, మూతికి ఉతికిన గుడ్డ వాసెన కట్టడమో చేయవచ్చు. వెల్లుల్లి పచ్చడి, చేపల పచ్చడి మూతల లోపలి వలయం వాసన పీల్చుకుంటుంది. ఎండలో పెట్టినా అది పూర్తిగా పోదు, ఆ మూతతో తేనె సీసా మూస్తే రెండో రోజుకే తేడా తెలుస్తుంది.

శుభ్రపరచడం

లేబుల్ బంకను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మిగిలిన జిగటను వంట నూనె, వంట సోడా కలిపి రుద్ది తీయాలి. కిరసనాయిలు, పెట్రోలు వాడకూడదు. మెడ సన్నగా ఉన్న సీసాలో గుప్పెడు బియ్యం, గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు పోసి గట్టిగా ఊపితే బ్రష్షు చేరని మూలలు కూడా శుభ్రపడతాయి.

కడిగిన గాజు సీసాలను గిన్నెలో అడుగున గుడ్డ పరచి, చన్నీళ్లలోనే ముంచి పొయ్యి మీద పెట్టాలి. నీళ్లతో పాటు సీసా కూడా నెమ్మదిగా వేడెక్కుతుంది, పగలదు. 10 నిమిషాలు మరిగాక దించి, పట్టకారుతో తీసి గుడ్డ మీద బోర్లించాలి. తర్వాత నిటారుగా పెట్టి ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. మెడ లోపల నిలిచే ఒకటి రెండు నీటి చుక్కలే పచ్చడి పైపొరను బూజు పట్టించడానికి చాలు. మే నెల ఎండలో ఆరేందుకు పూట పడుతుంది, చింతకాయ తొక్కు పెట్టే చలికాలంలో రోజంతా పడుతుంది.

పశ్చిమ ప్రకాశం భూగర్భ జలాలకు ఇక్కడో ప్రత్యేకత ఉంది. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, చాలా ఊళ్లలో ఫ్లోరైడు కూడా ఎక్కువే. మరిగించినప్పుడు సున్నం సీసాల మీద తెల్లటి పొరగా పడుతుంది. కడిగినా పోని ఆ పొర మురికి కాదు. మరిగించే నీళ్లలో కాస్త వెనిగరో, రసం పిండిన నిమ్మ చెక్కలో వేస్తే పొర పట్టదు. ఫ్లోరైడు మాత్రం మరిగించినా పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు భారతీయ ప్రమాణాల సంస్థ అనుమతించే పైహద్దు. ఊరగాయలో నీళ్లే పోయరు కాబట్టి అందులో ఈ చిక్కు లేదు. ఉప్పు నీళ్లలో కాయలు ఊరబెట్టేటప్పుడు మాత్రం మంచినీళ్లే వాడాలి.

నింపడం, దాచడం

ముందు జాడీలో ఊరబెట్టి, మూడో రోజు తిరగ కలిపి, ఉప్పు సరిచూశాక సీసాల్లోకి తీయడం ఇక్కడి పద్ధతి. ఊరేటప్పుడు కాయ నీరు వదిలి ముక్క కుంగుతుంది కాబట్టి, ముందే సీసాలో నింపితే పైన ఖాళీ మిగిలి నూనె చాలదు. పచ్చడిని గరిటెతో అదిమి గాలి బుడగలు తీయాలి. పైన ముక్క మునిగి, ఇంకో వేలెడు మందం నూనె తేలాలి. మూతి అంచును పొడి గుడ్డతో తుడవాలి. అంచుకు అంటిన కారం తడిని పీల్చి, బూజు మొదట అక్కడే మొలుస్తుంది. గాజు సీసాలు వెలుతురు తగలని చోట ఉండాలి. జాడీకి అలవాటైనవాళ్లు ఇది మరిచి కిటికీలో పెడితే నూనె కనరెక్కుతుంది, కారం రంగు వెలిసిపోతుంది. రోజూ వాడే పచ్చడిని చిన్న సీసాలో వేరుగా తీసుకుంటే పెద్ద సీసాలోకి తడి గరిటె దిగదు. ఈ ఒక్క పద్ధతి వల్ల ఏడాది పచ్చడి ఏడాదీ నిలుస్తుంది.

మరిగించి మూసే పద్ధతిలో పాత సీసాలు

మామిడి గుజ్జు, టమాటా గుజ్జు, పండ్ల రసాలను ఉప్పు లేకుండా నిలవ ఉంచాలనుకున్నప్పుడు ఈ పద్ధతి అవసరమవుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ సూచన ప్రకారం, అంగడి నుంచి వచ్చిన వెడల్పు మూతి సీసాలను కొత్త రెండు ముక్కల మూత సరిగ్గా పడితేనే, పుల్లటి పదార్థాలకు మాత్రమే, మరిగే నీటి పద్ధతిలో వాడవచ్చు. అప్పుడు కూడా పగలడం, మూత పట్టకపోవడం కొత్త సీసాల కంటే ఎక్కువే. ఆవిరి ఒత్తిడి పాత్రలో ఇలాంటి సీసాలు వాడనే కూడదు. టమాటాకు అర లీటరు సీసాకు ఒక పెద్ద చెంచా సీసాలో అమ్మే నిమ్మరసమో, పావు చిన్న చెంచా సిట్రిక్ ఆమ్లమో కలపాలి. నీళ్లు సీసా మూత మీద రెండున్నర సెంటీమీటర్ల దాకా నిలవాలి. 300 మీటర్ల ఎత్తు దాటిన ఊళ్లలో మరిగించే సమయం పెంచాలి. మార్కాపురం, గిద్దలూరు ఆ ఎత్తుకు లోపే ఉన్నాయి.

చిక్కుడు గింజలు, బఠానీలు, మాంసం, ఉడికించిన పప్పు వంటి పులుపు లేని పదార్థాలను ఇంట్లో సీసాలో మూసి బయట దాచడం ప్రమాదం. వంట కుక్కర్‌లో పెట్టినా భరోసా లేదు. కుక్కర్ వేడి 120 డిగ్రీల దగ్గరకు చేరినా, చిన్నది కావడంతో తొందరగా వేడెక్కి తొందరగా చల్లారుతుంది, సీసా మధ్యలోకి చాలినంత వేడి చాలినంతసేపు అందదు. వీటికి ఫ్రిజ్, లేదా ఎండబెట్టడమే దారి. సొరకాయ వడియం, మామిడి ఒరుగు, తాండ్ర ఆ దారిలో వచ్చినవే. రెండు ముక్కల మూతలు మన వైపు అంగళ్లలో అరుదు. అవి దొరకని చోట గుజ్జును గడ్డకట్టించి ఉంచడం సులువు, గాజు సీసాలోనైతే పైన మూడు వేళ్ల ఖాళీ వదలాలి.

చెడిన గుర్తులు

మూత ఉబ్బడం, తీయగానే నురగ ఎగదన్నడం, నూనె మీద బుడగలు, కొత్త వాసన, ముక్క జిగురు కట్టడం చెడిన పచ్చడి గుర్తులు. పైన తెల్లటి బూజు కనిపిస్తే దాన్ని తీసేసి కింది పచ్చడి తినే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. బూజు వేళ్లు కంటికి కనిపించిన దానికంటే లోతుకు దిగుతాయి, కొన్ని బూజులు విషాలు కూడా వదులుతాయి, కనుక పారేయడమే సరి. పులుపు లేని పదార్థం మీద అనుమానం వస్తే రుచి చూసి తేల్చుకోకూడదు.

వాడకూడని పాత్రలు

పత్తి, మిరప పండించే ఊళ్లలో ఖాళీ పురుగుమందు డబ్బాలు పొలం గట్ల మీదా, పశువుల కొట్టాల్లోనూ పడి ఉంటాయి. మందంగా, మూత బిగువుగా ఉండే ఆ డబ్బాలను కడిగితే వాడుకోవచ్చని అనిపించడమే ప్రమాదం. మందు ప్లాస్టిక్ గోడలోకి ఇంకుతుంది, ఎన్నిసార్లు కడిగినా పోదు. నూనె, నెయ్యి పోస్తే అది మళ్లీ వాటిలోకి దిగుతుంది. 1968 పురుగుమందుల చట్టం కింద 1971లో వచ్చిన నిబంధనలు ఖాళీ డబ్బాలను మళ్లీ వాడటానికి వీల్లేకుండా పగలగొట్టి, నివాసాలకు దూరంగా పూడ్చాలని చెబుతున్నాయి. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడి మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు పరీక్షల్లో తేలింది.

దీనికి తిరగేసిన అలవాటు కూడా అంతే ప్రాణాంతకం. తాగే నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో మందు గాని, కిరసనాయిలు గాని, మరుగుదొడ్డి కడిగే ఆమ్లం గాని పోసి పెట్టకూడదు. పిల్లవాడు సీసాను చూసి తాగుతాడు, లోపల ఏముందో చూడడు.

తేనె

నల్లమలలో చెంచులు సేకరించే తేనెను 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంటుంది. దానితో పాటు దోర్నాల, శ్రీశైలం దారుల్లో, సంతల్లో విడిగా అమ్మే తేనె చాలావరకు వాడిన సీసాల్లోనే చేతులు మారుతుంది. తేనె గాలిలోని తడిని పీలుస్తుంది. ఆహార భద్రత ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం మించకూడదు, మించితే పులుస్తుంది. సన్న మెడ సీసాలో తడి ఆరకుండా తేనె పోయడం, దాన్ని పాడుచేయడానికి దగ్గరి దారి. ఏడాది నిండని పసిపిల్లలకు తేనె నాకించకూడదు, అందులోని బొటులినమ్ బీజాలు పసికందు పేగుల్లో మొలకెత్తగలవు.

అమ్మకం, నిబంధనలు

ఇంటి వాడకానికి పాత సీసాపై ఆంక్షలేమీ లేవు. అమ్మితే పరిస్థితి వేరు. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం రాక ముందు ఊరగాయల పరిశ్రమ 1955 నాటి పండ్ల ఉత్పత్తుల ఉత్తర్వు కింద నడిచేది. ఇప్పటి ప్రమాణాల్లో ఉప్పు నీటి ఊరగాయలో ఉప్పు 12 శాతానికి తగ్గకూడదని, నూనె ఊరగాయలో ముక్కల మీద నూనె పొర తేలాలని, లేదా నిర్ణీత శాతం నూనె ఉండాలని ఉంది. 2018 ప్యాకేజింగ్ నిబంధనలు ఒకసారి వాడిన రేకు డబ్బాలో ఆహారం మళ్లీ నింపడాన్ని నిషేధించాయి. గాజు సీసాను మళ్లీ వాడాలంటే అది గట్టిగా, కడగడానికీ క్రిములు తీయడానికీ వీలుగా ఉండాలి. 2011లో వచ్చిన నిబంధనల ప్రకారం, ఏడాది అమ్మకం 12 లక్షల రూపాయల లోపుంటే డ్వాక్రా సంఘం సభ్యురాలైనా, గృహిణి అయినా 100 రూపాయల రుసుముతో నమోదు చేసుకుంటే సరిపోయేది. పాత కంపెనీ లేబుల్ ఉన్న సీసాలో సొంత పచ్చడి అమ్మడం తప్పుదారి పట్టించే గుర్తింపు కిందికి వస్తుంది. సీసా మీద తయారీదారు పేరు, చిరునామా, పదార్థాలు, తయారుచేసిన తేదీ, నికర బరువు ఉండాలి.